మగపెళ్లివారి టీ

"మా టీ బాలేదని ఒక్క మాట అనండి బాబూ" అని ఇల్లిల్లూ తిరిగి బతిమాలుకున్న మనిషిని మీరెవరూ చూసి ఉండరు. నేను చూశాను. చూడడమేంది, ఆయన సంచీ మోసుకుంటూ పక్కనే నడిచాను.

అప్పట్లో నేను గురజాల చుట్టుపక్కల పల్లెల్లో టూరింగు టాకీసు వాళ్ళ దగ్గర కేకలేసే పనిలో ఉండేవాణ్ణి. బొమ్మ మారినప్పుడల్లా ఎడ్లబండికి రెండువైపులా గోడబొమ్మలు కట్టి, రేకు బాకా నోటికి పెట్టుకుని, నేను చూడని సినిమాను చూసినట్టు ఊరంతా చెప్పుకురావడం నా ఉద్యోగం. నవ్వు రాని బొమ్మకి పొట్టలు పగులుతాయని చెప్పేవాణ్ణి. ఏడుపు రాని బొమ్మకి తుండుగుడ్డలు తెచ్చుకోమనేవాణ్ణి. చదువు అయిదో తరగతితో ఆగింది. లెక్కల మాస్టారి వెనకాలే ఆయన నడక నడిచి చూపిస్తుంటే పిల్లలు నవ్వారు, ఆయన వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత నా చదువు ముందుకు కదల్లేదు.

సర్వే ఆయన ఒక మధ్యాహ్నం మా ఊళ్ళో బస్సు దిగాడు. తెనాలి వైపు మనిషి. తెల్ల ప్యాంటు, నూనె రాసి పాపిడి తీసిన తల, చంకలో కాగితాలు బిగించిన అట్ట, భుజానికి తన బరువంత సంచీ. మద్రాసులో ఉన్న ఒక టీ కంపెనీ పంపించింది. వాళ్ళు రెండు రకాల టీపొడి తయారుచేశారంట. పల్లెల్లో ఏది అమ్మాలో తేల్చుకోలేక, పేరు లేని పొట్లాలు కట్టి, ఒక రకానికి ఎర్రదారం, ఇంకో రకానికి నీలందారం చుట్టి ఈయన చేతికిచ్చారు. ఇంటికి రెండు పొట్లాలూ ఇవ్వాలి. కొన్నాళ్ళు పోయాక వచ్చి ఏది బాగుంది, ఏది బాలేదు, ఎందుకు బాలేదు అని అడిగి రాసుకుపోవాలి. దీన్ని సర్వే అంటారని నాకూ అప్పుడే తెలిసింది.

ఊరికి మాత్రం ఆ మాట ముందే తెలుసు. సాగరు కాలవ కోసం గొలుసులు పట్టుకుని చేలల్లో కొలతలకు తిరిగేవాళ్ళని చూసి చూసి ఉన్న ఊరది. ఈయన మొదటి గుమ్మంలో నిలబడి "సర్వేకి వచ్చానండీ" అన్నాడో లేదో, వీధి చివరిదాకా తలుపులు మూసుకుపోయాయి. ఒక ముసలాయన గబగబా చేనుకి పోయి గట్టు మీద అడ్డంగా పడుకున్నాడంట, కాలవ పోతే తన మీద నుంచే పోవాలని. పొద్దుగూకినాక కోడలు పోయి చెబితే గాని లేవలేదు.

ఆయన తిరిగి తిరిగి మా టాకీసు డేరా నీడకొచ్చి కూలబడ్డాడు. నేను మంచినీళ్ళిచ్చి సంగతి విన్నాను. "సారూ, రేపటినుంచి ఆ మాట అనకండి, టీ అబ్బాయినని చెప్పండి" అన్నాను. మర్నాడు నేను కూడా వెళ్ళాను. తలుపులు తెరిచారు. కంపెనీ వాళ్ళు పొట్లాలతో బాటు ఇంటికో గాజుగ్లాసు కూడా ఇమ్మన్నారు. అది చూశాక తెరిచిన తలుపులు మూసుకోలేదు. పగళ్ళు నాకు పనుండదు గనక ఆయన ఉన్నన్నాళ్ళూ వెంట తిరగడానికి ఒప్పుకున్నాను. ఆయన అడిగే భాష ఊరికి అర్థం కాదు, ఊరు చెప్పే భాష ఆయన కాగితంలో పట్టదు. మధ్యలో నేను.

పొట్లాలు ఇచ్చి, కొన్నాళ్ళాగి మళ్ళీ బయల్దేరాం. మొదటి ఇంట్లో ఒక మావ వాకిట్లో కూచుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు.

"మేమిచ్చిన తేనీటిపై తమ అభిప్రాయం తెలియజేయగలరా?" అన్నాడు మా సారు.

మావ నా వైపు చూశాడు. "ఏంది రా అది? మా ఇంట్లో అట్టాంటిది లేదు. కరణంగారింట్లో ఉంటుందేమో అడగమను."

"టీ ఎట్టా ఉందని అడుగుతున్నాడు మావా."

"అట్టా చెప్పు. బాగుంది."

"ఎర్రదారానిదా, నీలందారానిదా?"

"రెండూ బాగున్నాయి."

"రెంట్లో ఏదన్నా బాలేదా?"

మావ తొడిమ తీయడం ఆపి ఇద్దరి మొహాలూ చూశాడు, మాకు ఏం వినాలనుందో పట్టుకుందామని. దొరకలేదు. "మీరేదంటే అది అబ్బాయ్" అన్నాడు.

పక్కింట్లో కొత్తకోడలు అత్తకు బాగుంటే తనకూ బాగున్నట్టేనంది. అత్త, కోడలు కాచింది గనక బాగుందనే చెప్పాలంది. చర్చి పక్కన ఉండే పంతులమ్మగారు దేవుడి దయవల్ల బాగుందన్నారు. ఇంకో ఇంట్లో పొట్లాలు రెండూ విప్పకుండా దూలానికి వేలాడుతున్నాయి. నేను వాటి వైపు చూస్తుండగానే ఇంటాయన "చానా బాగుంది, పిల్లలు ఇంకా ఇంకా కావాలని ఏడుస్తున్నారు" అన్నాడు. మా సారు అన్నీ వరసగా రాసుకున్నాడు. బాగుంది, బాగుంది, చాలా బాగుంది. చివరికొచ్చేసరికి రాయడం మానేసి కింద కామాలు పెట్టుకుంటూ పోయాడు.

కాగితాలు మద్రాసు వెళ్ళాయి. వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాయి. వెంట ఒక ఉత్తరం. లోకంలో ఏ ఊరూ రెండు రకాలనూ ఇంత సమానంగా మెచ్చుకోదు, తమరు ఇల్లిల్లూ తిరక్కుండా ఎక్కడో నీడపట్టున కూర్చుని నింపినట్టున్నారు అని దాని సారాంశం. మళ్ళీ అడగాలి. ఈసారి పెద్దాఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడు. ఇప్పుడూ అట్లాగే ఉంటే సంచీ అక్కడే అప్పజెప్పి ఇంటికి పోవచ్చు.

ఆ సాయంత్రం మా సారు డేరా బయట బెంచీ మీద కూచుని నాకు ఇదంతా చెప్పాడు. ఆయన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మామగారు వద్దంటున్నా వినకుండా బడిపంతులు పని వదులుకుని ఇందులో చేరాడు. భార్య నెలలు నిండి పుట్టింట్లో ఉంది. "ఇప్పుడు ఆ ఇంటికే వెళ్ళి, ఆ మామగారికే చెప్పాలి, ఉద్యోగం పోయిందని" అంటూ వేరుశనక్కాయ వలిచాడు. గింజ పారేసి పొట్టు నోట్లో వేసుకున్నాడు. అప్పుడు నమ్మాను, మనిషి బెంగతోనే ఉన్నాడని.

ఊరంతా చెప్పింది చెప్పినట్టు రాసి అబద్ధాలకోరని పేరు తెచ్చుకున్నాడు. నేను చూడని బొమ్మలు చూశానని చెప్పి నెలనెలా జీతం తీసుకుంటున్నాను. ఆ తేడాకి నాకు నవ్వొచ్చింది గాని, ఆయన పొట్టు నములుతుంటే నవ్వలేకపోయాను.

మర్నాడు మా వీధి చివర పెద్దమ్మ దగ్గరికి పోయాను. సొంత పెద్దమ్మ కాదు, ఊరందరికీ పెద్దమ్మే. ఆవిడ కన్నదంతా మగపిల్లల్నే. అందుకని బతుకంతా మగపెళ్లివారి వైపే కూచుంది. పెదకూరపాడులో పెద్దకొడుకు పెళ్ళికి పప్పులో ఉప్పు తగ్గిందని గంగాళాన్ని గంగాళంగా వెనక్కి పంపించిందని, ముప్పాళ్ళలో చిన్నకొడుకు పెళ్ళికి విడిదింట్లో మంచం కిర్రుమంటోందని ఇంకో మంచం వచ్చేదాకా నిలబడే ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడపెళ్లివారు ఈవిడ పేరు వింటే వంటవాణ్ణి మార్చేవాళ్ళు. అట్టాంటి మనిషి కూడా మా సారు అడిగితే "బాగుంది నాయనా, చల్లగా ఉండు" అంది. నాకు కొరుకుడు పడని సంగతి అదే.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఆ టీ బాగుందా?"

"ఎర్రదారం టీయా? కుడితి రా అది. గొడ్డు కూడా మూతి తిప్పుకుంటుంది."

"మరి ఆయన అడిగితే బాగుందన్నావేంది?"

"గ్లాసు ఇచ్చె. పొడి ఇచ్చె. ఎండనపడి గుమ్మంలోకొచ్చె. ఆ పిల్లాడి మొహం మీద బాలేదని ఎట్టా అంటార్రా? అట్టా అనడానికి మేమేమన్నా మగపెళ్లివారమా?"

ఆవిడ మామూలుగానే అంది. నేను అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాను.

మా వైపు సంగతి కాస్త చెప్పాలి. పల్నాటి మనిషి నోరు మెత్తనిదని ఎవరూ అనరు. కోపం వస్తే కోర్టుదాకా పోతాడు, గట్టు తగాదా వస్తే నరసరావుపేట వకీళ్ళ పిల్లల్ని తన ఖర్చుతో చదివిస్తాడు. కానీ ఇంటికొచ్చి ఇచ్చినదాన్ని బాలేదనడు. ఎంత మొరటువాడైనా ఆ ఒక్క చోట నాలిక మడత పెట్టుకుంటాడు. ఆ మడత విప్పుకోవడానికి బతుకులో ఒకేచోట హక్కుంది, విడిదింట్లో. మగపెళ్లివారై కూచున్నరోజు ఎంత సాధువైనా చాప గరుకని, నీళ్ళు వెచ్చనని, కాఫీ చల్లనని అంటాడు. అనకపోతే ఆడపెళ్లివారే చిన్నబోతారు, మా మర్యాద వీళ్ళకు ఆనలేదేమోనని.

"అయితే నిన్ను మగపెళ్లివారిగా పిలిస్తే వస్తావా పెద్దమ్మా?"

"ఎవడి పెళ్లిరా?"

"పెళ్లి లేదు. మగపెళ్లివారే."

ఆవిడకు అర్థం కాలేదు. అంతా చెప్పాను. మా సారు ఉద్యోగం, మామగారు, నెలలు నిండిన భార్య, అన్నీ.

"ఆ ముక్క ముందే చెప్పొద్దంట్రా? ముందే తెలిస్తే ఇంకా బాగుందనేదాన్ని గదా."

"అదే వద్దు పెద్దమ్మా. ఇంకోసారి బాగుందన్నావంటే ఆయన కొంప మునుగుద్ది."

పెద్దమ్మ తమలపాకు ఈనె తీస్తూ చానాసేపు ఆలోచించింది. ఆకు నోట్లో పెట్టుకున్నాక షరతులు మొదలయ్యాయి. ఇంటింటికీ వచ్చి పిలవాలి, బాకాలో కేకేస్తే ఎవరూ రారు. కాళ్ళకు నీళ్ళివ్వాలి. నిలబెట్టి అడగకూడదు, కూచోబెట్టాలి, అడిగేవాడు తమకంటే ఎత్తులో కూచోకూడదు. మాట మధ్యలో చేతి గడియారం చూసుకోకూడదు, మొన్న చూసుకున్నాడంట మా సారు, ఊరంతా గమనించింది. చెప్పింది నచ్చకపోయినా మొహం మాడ్చుకోకూడదు. "అన్నిటికంటే ముందు, మేం ఒకటి చెబితే ఇంకోటి రాసుకోకూడదు. అట్టా రాసినవాడికి మా ఊళ్ళో మంచినీళ్ళు పుట్టవు" అంది.

ఈ షరతులన్నీ మా సారుకు అప్పజెప్పాను. ఆయన మొదట ఎగిరిపడ్డాడు. "మనం తటస్థంగా ఉండాలోయ్. మెచ్చుకోమని గానీ, తిట్టమని గానీ చెప్పకూడదు."

"తిట్టమని మనమెందుకు చెబుతాం సారూ. మగపెళ్లివారని పిలుస్తాం, అంతే. మిగతాది వాళ్ళకు పుట్టుకతో వచ్చింది. మీ పెళ్ళిలో మీవాళ్ళు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి."

ఆయన చంకలో అట్ట తీసి పక్కన పెట్టాడు. "మా మేనత్త, అరటాకు చిరిగిందని భోజనం దగ్గర్నుంచి లేచిపోయింది" అన్నాడు మెల్లగా.

"ఆరోజు మీ మామగారు ఏం చేశారు?"

"చేతులు కట్టుకుని నిలబడ్డారు."

"రేపు ఆయనే మీరు."

అట్లా ఇంటింటికీ పిలుపులకు పోయాం. బొట్టు పెట్టే ఇళ్ళల్లో మా చిన్నక్క బొట్టు పెట్టి పిలిచింది. క్రైస్తవుల ఇళ్ళల్లో పూలు ఇచ్చి చేతులు జోడించాం. ఇది ఎట్టా తీసుకుంటారోనని పంతులమ్మగారి గుమ్మంలో నేను కాస్త నీళ్ళు నమిలాను. ఆవిడ నవ్వింది. "మాకు చేతకాదనుకున్నావా? మా ఆడబిడ్డ పెళ్ళిలో బిస్కెట్లు మెత్తబడ్డాయని పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగానే మొదలుపెట్టారు మావాళ్ళు."

విడిది ఎక్కడన్నది చిక్కయింది. ఒకరింట్లో పెడితే ఇంకొకరు గడప తొక్కరు. ఎవరు ఎవరి గడప తొక్కరో, ఎందుకు తొక్కరో మా వైపు వాళ్ళకు విప్పి చెప్పక్కర్లేదు. అందరూ ఒకే కప్పు కింద కూచునే చోటు ఊరి మొత్తానికి మా టాకీసు డేరా ఒక్కటే, అదీ చీకట్లో. ఈసారి పట్టపగలు కూచోబెడదామనుకున్నాం. ఓనరుకు టీ ఆశ పెట్టి ఒప్పించాను. కంపెనీ ఇచ్చిన గ్లాసు ఎవరిది వాళ్ళే తెచ్చుకోమన్నాం. ఆ ఒక్క మాటతో సగం తగాదాలు పుట్టకముందే పోయాయి.

అనుకున్న రోజు వచ్చింది. తెర వెనక పొయ్యి వెలిగించాం. మా సారు పంచె కట్టుకుని, భుజాన కండువా వేసుకుని డేరా ముందు నిలబడ్డాడు. పెద్దమ్మ పట్టుచీరలో అందరికంటే ముందొచ్చింది. కాళ్ళ మీద నీళ్ళు పోయగానే "చెంబు సొట్టపోయింది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంక చూసుకోండి. చాప ముళ్ళు గుచ్చుకుంటోందన్నారు. డేరాకు చిల్లుంది, ఆ ఎండ సరిగ్గా మా వియ్యపురాలి నెత్తినే పడుతోందన్నారు. నీళ్ళల్లో కొత్తకుండ వాసనన్నారు. మొన్న తొడిమలు తీస్తూ 'మీరేదంటే అది' అన్న మావ, మా సారు నిలబడిన తీరు చూసి "ఆడపెళ్లివారికి ఇంత పొగరు పనికిరాదు" అన్నాడు. మా సారు ప్రతిదానికీ "చిత్తం, పొరపాటైంది" అంటూ, చాప మీద అందరికంటే కింద కూచుని రాసుకుంటున్నాడు.

మొదటి టీ వచ్చింది, ఎర్రదారానిది. ఏ దారానిదో వాళ్ళకు చెప్పలేదు.

"నాలికని గీకుతోంది" అన్నాడు మావ.

"గ్లాసు అడుగున ఇసక తేలింది. ఎవరి వాగులోది?" అందొక పిన్ని.

"గేదెపాలకు ఇది ఆనదు నాయనా. పాలు పడగానే రంగు చచ్చి బూడిదనీళ్ళయింది. మీ మద్రాసులో పాలు నీళ్ళలాగుంటాయేమో" అంది పెద్దమ్మ.

పంతులమ్మగారు గ్లాసు పక్కన పెట్టారు. "ఇక్కడ పంచదారేశారు గనక ఈమాత్రం ఉంది. మా ఇంట్లో బెల్లం వేస్తే ఇది ఇట్టే విరిగిపోయింది. ఊళ్ళో పంచదార ఎన్ని ఇళ్ళల్లో ఉందనుకుంటున్నారు?"

మా సారు కలం ఆగింది. బెల్లం సంగతి కంపెనీలో ఎవరికీ తోచలేదంట. తర్వాత చెప్పాడు.

నీలందారం టీ వచ్చింది. దానికీ వంకలు పెట్టారు గాని గొంతులో ఆ కసి లేదు. వాసన చాలదన్నారు, చల్లారితే వగరన్నారు. గ్లాసులు మాత్రం ఖాళీ అయ్యాయి. సరిగ్గా అప్పుడే డేరా గుడ్డ తొలగించుకుని పెద్దాఫీసరు లోపలికొచ్చాడు. నరసరావుపేటలో కారు మాట్లాడుకుని వచ్చాడంట. బూటుకాళ్ళతో చాప అంచున నిలబడి చూశాడు. "ఏమిటిది, నాటకమా?"

"ఎవరీయన?" అంది పెద్దమ్మ.

నేను అందుకున్నాను. "ఆడపెళ్లివారి తరపు పెద్ద పెద్దమ్మా. పెళ్లికూతురు పెదనాన్న అనుకో."

"ఇప్పుడా రావడం? బూట్లు బయట విప్పమను."

ఆఫీసరు విప్పాడు. ఎందుకు విప్పాడో ఆయనకే తెలిసినట్టు లేదు. మా సారు దగ్గర కాగితాలు తీసుకుని చదివాడు, కనుబొమలు పైకి పోయాయి. నన్ను పిలిచి తెర వెనక్కి నడిచాడు. "వీళ్ళు నిజంగా రుచి చూసి అంటున్నారా, తిట్టడమే పనిగా తిడుతున్నారా?" అని నన్నే అడిగి, నా జవాబు కోసం ఆగకుండా "ఆ ఎర్రదారం టీ మళ్ళీ పొయ్యి. కొత్త రకమని చెప్పు. చూద్దాం" అన్నాడు.

నాకు ఇష్టం లేదు. కానీ మా సారు ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. కొత్త రకం వచ్చిందని చెప్పి పోశాను.

పెద్దమ్మ ఒక్క గుక్క తాగింది. ఇంకో గుక్క తాగలేదు. గ్లాసు కింద పెట్టి పక్కకు నెట్టింది. పంతులమ్మగారు వాసన చూసి ఆవిడా పెట్టేశారు. మావ ఇటూ అటూ చూసి తనూ పెట్టేశాడు. చాపలన్నిటి మీదా గ్లాసులు ఒక్కొక్కటే దిగాయి.

"ఇది ఇందాకటిదే గదా" అంది పెద్దమ్మ. "మొదట పోసిన కుడితి. మళ్ళీ పోసి కొత్తదంటారేంది? మేం నోరు లేనివాళ్ళమనుకున్నారా, నాలిక లేనివాళ్ళమనుకున్నారా?"

ఆవిడ మొహం డేరా గుడ్డ వైపు తిప్పుకుని కూచుంది. మగపెళ్లివారి పెద్ద అలిగితే మిగతావాళ్ళు ముట్టరు. అది ఆట అనుకోవడానికి వీల్లేదు. ఆ మొహంలో ఆట లేదు.

ఆఫీసరు మా సారు చెవిలో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. కప్పిపుచ్చమన్నాడని ఆ చెయ్యి ఊపిన తీరులోనే తెలిసింది నాకు. మా సారు లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. కండువా జారిపోతున్నా సర్దుకోలేదు.

"ఎర్రదారానిదేనమ్మా. మిమ్మల్ని పరీక్ష పెట్టాం. మిమ్మల్ని పిలిచి కూచోబెట్టి ఆ పని చేయకూడదు. తప్పే" అన్నాడు.

ఇంక అయిపోయింది అనుకున్నాను నేను. పైవాడి ముందే పైవాడి గుట్టు విప్పేవాడికి ఏ కంపెనీ జీతమిస్తుంది? ఆఫీసరు మొహం నిజంగానే ఎర్రబడింది.

"ఆ మాట నువ్వు అనేది కాదు నాయనా" అంది పెద్దమ్మ గుడ్డ వైపే చూస్తూ. "పోయించినాయన అనాలి."

డేరాలో అందరూ ఆఫీసరు కేసి చూశారు. మద్రాసులో ఆయన కింద ఎంతమంది పనిచేస్తారో మాకు తెలీదు. ఇక్కడ ఒట్టి కాళ్ళతో, ఆడపెళ్లివారి వైపు నిలబడి ఉన్నాడు. ఆయనకూ ఎక్కడో ఒకచోట పెళ్ళయ్యే ఉంటుంది. గొంతు సవరించుకున్నాడు. "తప్పేనమ్మా" అన్నాడు. ఆ వెంటే "అలక తీరాలంటే ఏం చెయ్యమంటారు?" అని కూడా అడిగాడు. చీర అడుగుతుందనుకున్నట్టున్నాడు, చెయ్యి జేబు మీదకు పోయింది.

"చెయ్యి తియ్యి" అంది పెద్దమ్మ. "పిల్లని చూడ్డానికొచ్చి, పెట్టినవన్నీ తిని, వెళ్ళి మంచో చెడో కబురు పంపనోళ్ళు ఉంటారు. మీరు ఆ జాతి అని నాకు అనుమానం. ఇంతమందిమి పనులు మానుకొచ్చి నోరు నొప్పిపుట్టేట్టు చెప్పాం. చెప్పిందంతా ఏం చేశారో, రెంట్లో ఏది ఒప్పుకున్నారో మా ఊరికొచ్చి చెప్పాలి."

"ఎవరినైనా పంపిస్తాం."

"ఎవరినైనా కాదు. ఈ అబ్బాయే రావాలి. నీ కంపెనీ మనిషిగా రావాలి. వేరేవాడొస్తే గుమ్మం ఎక్కనివ్వం. ఆ మాట ఇస్తే గ్లాసు తీస్తాను."

ఆఫీసరు మా సారు వైపు చూశాడు. చేతిలో కాగితాల వైపు చూశాడు. బెల్లం దగ్గర ఆయన వేలు ఆగి ఉండడం నేను చూశాను. "సరే. ఇతనే వస్తాడు" అన్నాడు.

"పదిమంది విన్నారు" అంది పెద్దమ్మ. గ్లాసులో మిగిలింది చాప పక్కన ఇసకలో పారబోసి, "నీలందారానిది ఒక చుక్క పొయ్యరా" అని నాకు చాపింది. పంచదార తక్కువైందని మళ్ళీ మొదలుపెట్టింది.

అందరూ వెళ్ళాక ఆవిడను ఇంటిదాకా దిగబెడుతూ అడిగాను. "నీకు ఆ టీ సంగతి ఏమైతే ఎందుకు పెద్దమ్మా?"

"టీ ఎటుపోతే నాకేందిరా. ఆ పిల్లాణ్ణి ఉద్యోగంలో ఉంచుతానని ఆయన నోటితోనే అనిపించాను గదా. అడిగితే ఇచ్చేవాడా? అలిగాను గనక ఇచ్చాడు." నాలుగడుగులు వేశాక ఆగింది. "అయినా తెలుసుకోవాలనీ ఉంది. చెప్పినమాట ఎటుపోతుందో చూడొద్దూ?"

మిరప కల్లాలు అయిపోయి, ఎండలు ముదిరాక మా సారు మళ్ళీ బస్సు దిగాడు. కూతురు పుట్టిందని, ఉద్యోగం ఖాయమైందని దిగగానే చెప్పాడు. మామగారు ఏమన్నారని అడిగితే నవ్వుతూ సంచీ నా భుజానికి తగిలించాడు. పెద్దమ్మ వాకిట్లోకి అందరూ రాలేదు గాని వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. మావ తొడిమల బుట్టతో సహా వచ్చాడు. ఈసారి మా సారు ఎవరూ చెప్పకుండానే నేల మీద కూచున్నాడు.

కంపెనీ నీలందారం టీనే ఒప్పుకుందని చెప్పాడు. అడుగున తేలే నుసిని ఇంకోసారి జల్లెడ పట్టిస్తున్నారు. గేదెపాలకు ఆనేట్టు కాస్త ముదురు పొడి కలుపుతున్నారు. బెల్లం వేసేవాళ్ళు దింపాక వేసుకోవాలని పొట్లం మీద అచ్చేయిస్తున్నారు.

"వాసన తక్కువన్నాం గదా, దాని సంగతి?" అన్నాడు మావ.

"దానికి ఖర్చెక్కువవుతుందన్నారు. వినలేదు" అన్నాడు మా సారు. దాచలేదు.

పెద్దమ్మ అన్నీ విని తల పంకించింది. "బెల్లం వేసుకునేవాళ్ళల్లో చదువొచ్చినవాళ్ళు ఎంతమందని పొట్లం మీద అచ్చేయిస్తున్నారు? బొమ్మ వెయ్యమను" అంది. మా సారు జేబులోంచి కాగితం తీసి అది కూడా రాసుకున్నాడు.

బస్సుకు వేళవుతోందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన మాత్రం చేతికేసి చూసుకోలేదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేస్తుంటే పెద్దమ్మ ఆయన్ని కూచోమని సైగ చేసింది.

"మీవాళ్ళు సబ్బులు కూడా చేస్తారా నాయనా?"

"మావాళ్ళు చెయ్యరమ్మా. చేసేవాళ్ళు వేరే ఉన్నారు."

"వాళ్ళకి కబురు పెట్టు. సబ్బు మీద మేం చెప్పాల్సింది చానా ఉంది. వచ్చేటప్పుడు మాత్రం సొట్టలేని చెంబు తెమ్మను."

ఆయన నవ్వుతూ లేవబోయాడు. "లేస్తావేంది, రాసుకో" అంది పెద్దమ్మ.